దిమ్మె ఎత్తు

చిత్తూరులో, పుత్తూరు రోడ్డు మీద,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఎదురు మేడలో మా ఆఫీసు.
కిటికీలోంచి కనపడేది సముద్రం కాదు.
తోతాపురి కాయలు నింపుకొని
గేటు బయట పడిగాపులు కాస్తున్న ట్రాక్టర్లు,
వాటి మీద ముసిరే ఈగలు.
ఇక్కడ కూచుని నేను
ఎక్కడో తూర్పున ఓడలు ఆనుకునే జెట్టీకి
ఎత్తు తేల్చాలి.

పటంలో సున్నా ఒక గీత.
నీళ్ళు ఇంతకన్నా కిందికి పోవన్న నమ్మకం మీద గీసింది.
దానిపైన పోటు, మీటరు ముప్పై.
దానిపైన తుఫాను ఉబ్బు.
ఈ అంకె రాసినవాళ్ళెవరో పక్కన ప్రశ్నార్థకం పెట్టి చెరిపేశారు,
కాగితం ఇంకా గరుగ్గా ఉంది.
దానిపైన అల తల.
ఆ పైన నా భయానికి కొంత.

నీళ్ళ లెక్క అంతే.
ఓడ లెక్క వేరే.

బొగ్గు నింపుకొని వచ్చినప్పుడది
మెడదాకా మడుగులో దిగిన ఎనుము.
దించేసరికి
ఎనిమిది మీటర్లు పైకి లేచిన ఇనపగోడ.
పోటుకు లేస్తుంది, పాటుకు దిగుతుంది,
బరువుకు దిగుతుంది, ఖాళీకి లేస్తుంది.
వీటన్నిటి నడుమా కదలనిది నా కాంక్రీటు ఒక్కటే.

తక్కువ పెట్టానా,
ఖాళీ ఓడ మోకుల్ని నిటారుగా గుంజుతుంది.
నిటారు మోకు ఓడను ఆపదు,
గుంజను పెకలిస్తుంది.
ఎక్కువ పెట్టానా,
నిండు ఓడ కిందికి జారి
మోకులు జెట్టీ అంచున ఒరుసుకుంటాయి.
తెగిన మోకు
ఎదురున్నది మనిషా గుంజా అని చూడదు.

నాలుగు రోజులు లెక్కేసి
ఓడ సగం బరువుతో ఉన్నప్పుడు
మోకులు చక్కగా, అందంగా పడుకునే ఎత్తు పట్టుకున్నాను.
బొమ్మలో ఎంత బావుందో.

రాత్రి తొమ్మిదికి టీకి దిగాను.
ఫ్యాక్టరీ దిమ్మె దగ్గర లారీ,
దిమ్మెకూ లారీకీ నడుమ చెక్క పలక,
గుజ్జు డ్రమ్ములు దొర్లించుకుపోతున్న గంగులప్ప.
మొదటి డ్రమ్ముకు పలక ఎగుడు.
లారీ తినేకొద్దీ కుంగింది.
పదిహేనోదో పదహారోదో సమంగా పోయింది.
చివరి వాటికి పలక దిగుడు,
ఇద్దరు మనుషులు ముందుకు పోయి
డ్రమ్ముకు భుజాలడ్డం పెట్టారు.

"దిమ్మె సరింగ్గానే కట్న్యారే, మద్దెలో సమంగా ఉండాది" అన్నాను.
అతను బీడీ ఆర్పి నవ్వాడు.
"మద్దెలో ఎవురికి దెబ్బ తగల్తాది మే?
మొదుటిదానికీ కడాదానికీ కదా కట్టాల దిమ్మె.
పాతది రెండు జానలు తగ్గుండె.
ఖాళీ లారీ, మొదుటి డ్రమ్మే ఎనక్కొచ్చె."
ఎడం కాలు దీపం కిందికి జరిపాడు.
బొటనవేలు ఉండాల్సిన చోట
నున్నటి చర్మం.

"యాడికి పోతాయి ఇవి?"
"మద్రాసు హార్బరుకంట.
నేనేం జూసినా సముద్రాన్ని?
నువ్వు జూసినావా?"
రెండుసార్లు, అన్నాను.
రెండుసార్లూ సెలవులకే పోయానని
చెప్పలేదు.

మేడెక్కి
ఆ అందమైన బొమ్మను పక్కన పెట్టాను.
ఒక కొసన ఖాళీ ఓడ, పైన నిండు పోటు, గాలి.
ఇంకో కొసన నిండు ఓడ, అట్టడుగు పాటు.
ఆ రెండే పెట్టుకుని మళ్ళీ మొదలెట్టాను.
తెల్లారేసరికి దిమ్మె లేచింది,
పాతిక సెంటీమీటర్లు.
గుంజలు అంచు నుంచి వెనక్కి జరిగాయి.
మధ్యలో మోకులిప్పుడు అంత అందంగా లేవు.

పది గంటలకు భక్తవత్సలం సారు వస్తారు.
మూడువందల మీటర్ల పొడవున
పాతిక సెంటీమీటర్ల కాంక్రీటు
ఎంతవుతుందో తెలుసా అంటారు.
తెలుసు. రాసి పెట్టాను, పైసలతో సహా.

ఎందుకు పెంచావంటే
కోణాలు చూపిస్తాను.
వేలు సంగతి
ఏ గడిలో రాయాలో
ఇంకా తేలలేదు.